ఎక్కే గుమ్మం, దిగే గుమ్మం

కనకం అత్తయ్య పోయిన రోజు తాడేపల్లిగూడెంలో మా తమ్ముడింటి వసారా నిండా ఆడవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. "పుణ్యాత్మురాలండీ, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది." ఆవిడ నుదుట పెద్ద బొట్టు, పాదాలకి పసుపు, తలలో చేమంతులు. ఆ బొట్టులోంచి రవ్వంత కుంకుమ తీసి తమ నుదుట అద్దుకోవడానికి వీధిలోని ముత్తయిదువులంతా వరసలో నిలబడ్డారు. వాళ్ళతోపాటు నేనూ నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో నీళ్ళు తోడేసిన తొట్టిలా ఉంది. మా మరదలు నన్ను పక్కకి పిలిచి, "వదినగారూ, కాసేపు ఏడవండి, తేలిగ్గా ఉంటుంది" అంది, జలుబుకి ఆవిరి పట్టుకోమన్నట్టుగా. అలాగేలే అన్నాను. మా బంధువర్గంలో నా పేరు అబద్ధాల బుల్లి. పెళ్ళిలోనైనా, పురిటింట్లోనైనా, చివరికి పదోరోజు భోజనాల్లోనైనా నేను నోరు విప్పితే చుట్టూ మనుషులు చేరాలి. అలాంటిది ఆ రోజంతా నేను నోరు విప్పలేదు. అది చూసే కొంతమంది ఎక్కువ ఏడ్చారు.

కర్మలన్నీ అయ్యాక అత్తయ్య గది సర్దుతుంటే బీరువా మీద ఒక తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా కనిపించింది. లోపల పాత చీర ముక్కలో చుట్టి విమానం. మా చిన్నప్పటి విమానమే. ఒక రెక్క విరిగిపోయింది, ముక్కు దగ్గర పంకా లేదు, వెండి కాగితం నల్లబడిపోయింది. చేతిలోకి తీసుకుంటే ఎండు తమలపాకంత బరువు కూడా లేదు. అటూ ఇటూ తిప్పితే లోపల ఏదో కదిలింది. సీటు ఊడి ఉంటుంది అనుకున్నాను.

ఈ విమానం కథ నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. ఒక కథలో అది కొల్లేరు మీద ఎగిరితే గూడకొంగలు తమ రాజుగారు వచ్చారనుకుని వెనకాల బారులు కట్టి బయలుదేరాయి. ఇంకో కథలో జంగారెడ్డిగూడెం పొగాకు షావుకారొకడు దాన్ని నిజం విమానమనుకుని టిక్కెట్టు ఎంతండీ అని అడిగాడు. పిల్లలకి చెప్పేటప్పుడు అది ఒకసారి గుడ్డు కూడా పెట్టింది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నేను కల్పించలేదు. కల్పించి ఉంటే ఇంతకన్నా బాగుండేది.

అప్పుడు మేము ఏలూరులో కాలవ దగ్గరి వీధిలో ఉండేవాళ్ళం. నాన్నగారి పొలం కొల్లేరు అంచున ఉండేది. కౌలుకి చేసే అప్పన్న వారానికోసారి చేపల బుట్టతో వచ్చి పెరటి గుమ్మంలో కూర్చునేవాడు. అతను వచ్చాడని కంటికన్నా ముందు ముక్కుకి తెలిసేది. కొరమీను వాసన, పాచి వాసన, తడిసిన వల వాసన కలిసి మా పెరటి మీదుగా వంటింట్లోకి వచ్చేవి. తెల్లవారుజామునే మా మామ్మ లేచి పొడుం పీల్చి ఇల్లంతా లేచేదాకా తుమ్మేది. ఆ తుమ్ములు విని అమ్మ పొయ్యి రాజేసేది, ఆ పొగకి నాన్నగారు లేచేవారు, నాన్నగారు దగ్గితే మేము లేచేవాళ్ళం. మా ఇంట్లో గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ చూసేవారు కాదు. మా వీధిలో అన్ని ఇళ్ళలాగే మాది కూడా వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం ఉన్న ఇల్లు. వీధిలో నిలబడి చూస్తే పెరట్లో జామచెట్టు కనపడేది. గాలి ఇటు వచ్చి అటు పోయేది, మనుషులూ అంతే.

నాన్నగారి చెల్లెలు కనకం అత్తయ్య మాతోనే ఉండేది. ఆవిడ భర్త, మా మావయ్య, పెళ్ళయిన కొత్తలోనే కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి, తరవాత రాలేదు. పడవ మునిగిందని ఒకరు, జ్వరాల్లో పోయాడని ఒకరు, అక్కడే ఉన్నాడని ఒకరు. నాకు ఆయన మొహం సరిగ్గా గుర్తు లేదు. తాంబూలం వేసుకునేటప్పుడు తమలపాకు ఈనె పొడుగ్గా చీల్చి చెవి మీద పెట్టుకునేవాడు. అది ఎండేదాకా తీసేవాడు కాదు. "గుమాస్తా కలంలా ఏవిటయ్యా అది" అని మామ్మ కసిరేదిట. అంతే, మా ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఆ ఈనె ఒక్కటే.

అత్తయ్య బొట్టు తీయలేదు. అలాగని ఊళ్ళోవాళ్ళు ఆవిడ బొట్టుని నమ్మనూ లేదు. పేరంటానికి పిలవడానికి ఎవరైనా వస్తే అమ్మకి బొట్టు పెట్టి, మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, అత్తయ్య దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె ఆవిడ పక్కన నేల మీద పెట్టేవాళ్ళు. "మీరే పెట్టుకోండమ్మా" అనేవాళ్ళు, చాలా మర్యాదగా. వేలితో మాత్రం పెట్టేవాళ్ళు కాదు. ఒకవేళ ఆయన నిజంగా పోయి ఉంటే? అత్తయ్య భరిణె మూత తీసి, తనే పెట్టుకుని, మూత పెట్టి తిరిగి ఇచ్చేసేది. పేరంటానికి వెళ్ళేది కాదు. కొల్లేట్లో పెరిగే జీలుగు మొక్క బెండుతో ఆవిడ చేసినంత సన్నపని ఆ చుట్టుపక్కల ఎవరూ చేసేవారు కాదు. మల్లెమొగ్గ చేస్తే తుమ్మెద రావాల్సిందే. (ఒకసారి వచ్చింది కూడా. సరే, రాలేదు.) కానీ పెళ్ళి బాసికాలు చెయ్యమని ఎవరూ అడిగేవారు కాదు. ఆ చేతులు ఊరికే ఉండేవి. ఊరికే ఉన్న చేతులతో ఆవిడ బియ్యంలో లేని రాళ్ళు కూడా ఏరేది.

విమానం మొదలవడానికి కారణం నేను. ఎదురింటి శకుంతల దసరా బొమ్మల కొలువులోకి తనకి ఏనుగు అంబారీ వస్తోందని బడిలో ఒకటే గొప్పలు పోతుంటే, "మా కొలువులో విమానం పెడుతున్నాం" అన్నాను. అనేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. ఇంటికి వచ్చి అత్తయ్య ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను.

"విమానం అంటే ఎలా ఉంటుందే?" అంది.

వంటింటి గోడకి ఒక టీ కంపెనీ క్యాలెండరు వేలాడేది. దాని మీద వెండిరంగు విమానం, మెట్ల దగ్గర టోపీతో ఒక దొర. అత్తయ్య ఆ బొమ్మని దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను పక్కన కూర్చుని, "ముక్కు ఇంకా పెద్దది పెట్టు అత్తయ్యా, ఎర్ర కళ్ళు పెడదాం" అంటుంటే, "నోర్ముయ్యవే. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. రేపు ఎవరైనా ఎక్కాలంటే ఎక్కేట్టు ఉండాలి" అంది. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి తీసి, ఆ బొమ్మలో దొర ఎంత పొడుగున్నాడో అంతకి రెట్టింపు విరిచింది. "ఇదీ మనిషి" అంది. అప్పటినించీ అది మనిషి పుల్ల. తలుపు మనిషి పుల్లకన్నా వేలి గోరంత పొడుగు. చక్రం మనిషి పుల్లలో సగం. సీటు వీపు మనిషి పుల్ల నడుము దాకా. ఏది చేసినా ముందు మనిషి పుల్ల పక్కన నిలబెట్టి చూసేది. సరిపోకపోతే చిదిమేసేది. ఎన్ని చక్రాలు చిదిమేసిందో నాకు తెలుసు, వాటిని నేను బొమ్మలకి గారెలుగా వడ్డించాను కాబట్టి.

అప్పన్న తెచ్చిన బెండు కట్టల్లో వలలకి కట్టే లావుపాటివి పక్కన పెట్టి, తెల్లగా, మెత్తగా ఉన్నవి ఏరేది. తడిపి ఆరబెట్టిన బెండుని పల్చటి కత్తితో దొర్లిస్తూ కోస్తే కాగితంలా చుట్ట విప్పుకుంటూ వచ్చేది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎండిన చెరువు వాసన, పక్కన ఉడుకుతున్న చింతగింజల బంక వాసన. కిటికీలకి అభ్రకం కావాలంటే నాన్నగారు పీర్ల పండక్కి రంగుకాగితాలతో తాబూతులు కట్టే మస్తాను సాయిబు దగ్గర అడిగి తెచ్చారు. సాయిబుగారు విషయం విని, "అమ్మాయిగారికి విమానమా! అయితే గీతలున్న ముక్కలు పనికిరావు, మేఘాలు కనపడాలి కదండీ" అని తేటగా ఉన్నవి ఏరి ఇచ్చారుట. పైన టీ పొట్లాల వెండి కాగితం. ఆ బొమ్మలో విమానం ఒంటినిండా వరసలుగా బొడిపెలున్నాయి, ఇనప తలుపు మీద మేకుల్లా. అవెలా పెడతావని అడిగితే అత్తయ్య పోపుల పెట్టెలోంచి గసగసాలు తెచ్చింది. తడి బంక మీద సూదిమొనతో ఒక్కొక్క గింజా వరసగా పెట్టి, పైన వెండి కాగితం పరిచి, వేలి కొసతో అద్దింది. బొడిపెలు లేచాయి. మామ్మ వచ్చి చూసి, "గసగసాలు దేనికే, విమానానికి ఒంట్లో వేడి చేసిందా?" అంది. అత్తయ్య నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఎడమవైపు పూర్తయ్యాక పని ఆగిపోయింది. క్యాలెండరులో విమానానికి ఒక్కవైపే ఉంది. రెండోవైపు ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా వీధిలో కూడా. నేను తెలుసన్నాను కానీ ఎవరూ పట్టించుకోలేదు. "ఎలాగూ గోడవైపు పెడతాం కదే, తెల్లగా వదిలెయ్" అంది అమ్మ. అత్తయ్య ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వీధి గుమ్మంలో నిలబడి పెరటి గుమ్మం కేసి చూస్తోంది. తరవాత వచ్చి కూర్చుని, ఎడమవైపు తలుపుకి సరిగ్గా ఎదురుగా కుడివైపు ఇంకో తలుపు కోసింది.

"ఇదెందుకు?" అన్నాను.

"ఎక్కే గుమ్మం ఉంటే దిగే గుమ్మం ఉండద్దుటే? ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఉండిపోతారా?"

నాకు సబబుగానే తోచింది. మామ్మకీ తోచింది. వీధి గుమ్మం మాత్రమే ఉన్న కొంప కొంపేనా అంది. రెండు తలుపులకీ దారంతో మడతబందులు, లోపల రెండు వరసల సీట్లు, సీట్ల మీద మినప్పప్పంత దిండ్లు, వాటికి నిజంగా కుట్లు. మనుషుల్ని కూడా చేసి కూర్చోపెడదామంటే అత్తయ్య వద్దంది. "వచ్చేవాళ్ళు వాళ్ళే వచ్చి కూర్చుంటారు" అంది. అప్పుడు రంగూన్ నించి కూడా విమానాలు వస్తున్నాయని నాన్నగారు పేపర్లో చదివి, గట్టిగా పైకి చదవబోయి, సగంలో దగ్గి ఆపేశారు. అత్తయ్య తలెత్తలేదు కానీ చేతిలో సూది ఆగింది.

దసరా కొలువు సాయంత్రం మా ముందుగది నిండిపోయింది. శకుంతల అంబారీని చూసినవాళ్ళంతా విమానం చూడ్డానికి వచ్చారు. గంధం, అగరొత్తులు, తడి శనగల వాసన. అత్తయ్య ఎప్పటిలాగే నడవ తలుపు వెనకాల నిలబడింది. అక్కడ నించి పై మెట్టు మీద విమానం కనపడుతుంది, మనుషులకి ఆవిడ కనపడదు. శకుంతల తల్లి తన వెంట ఒక కొత్తావిడని తీసుకొచ్చింది. "మా పిన్నిగారండీ. రంగూన్ నించి మొన్ననే వచ్చారు, పండక్కి" అంది. ఆవిడకి మా ఇంటి సంగతులేవీ తెలియవు. ఎదురింటావిడకి తెలుసు గానీ, పండగపూట ఆ మాట ఎందుకని చెప్పినట్టు లేదు.

పిన్నిగారు కొలువు చూస్తూ విమానం దగ్గర ఆగిపోయింది. "అమ్మో, అమ్మో, బొడిపెలతో సహా! ఎవరు చేశారండీ ఇది? అచ్చంగా ఇలాగే ఉంటుంది. నేను చూశాను" అంటూ నా ముందునించే చెయ్యి చాచి తీసింది. తిప్పి చూసి ఫక్కున నవ్వింది. "ఇటూ తలుపేనా! రెండు గుమ్మాలు ఉండవండీ. ఒకటే. ఎక్కినవాళ్ళు ఎక్కిన దాంట్లోంచే దిగాలి."

"మీరు దగ్గరగా చూశారా అండీ?" అంది అమ్మ.

"చుట్టూ తిరిగి చూశామండీ. మీ ఏలూరాయనే ఒకాయన, మా వారి కర్రల అడితీలో పని. ఆయనే మమ్మల్ని విమానాల గ్రౌండుకి తీసికెళ్ళి అన్నీ చూపించాడు. వాళ్ళబ్బాయిని భుజాల మీద ఎక్కించుకుని ఎంత ఓపికగా చెప్పాడనుకున్నారు. సరదా మనిషిలెండి. తాంబూలం వేసుకుంటూ ఆకు ఈనె తీసి చెవి మీద పెట్టుకుంటాడు. మా పిల్లలకి ఒకటే నవ్వు."

ముందుగదిలో చప్పుడు ఆగలేదు. ఆగిందని చెప్పాలని నాకుంది, కానీ ఆగలేదు. ఎవరో శనగలు పంచుతున్నారు, ఎవరి పిల్లో ఏడుస్తోంది. అమ్మ చేతిలో తాంబూలం పళ్ళెం మాత్రం పక్కకి ఒరిగింది. శకుంతల తల్లి మొహం తెల్లబోయింది. పిన్నిగారి మోచెయ్యి లాగింది కానీ అప్పటికే ఆలస్యమైంది. మామ్మ అడిగింది, గొంతులో ఏ తేడా లేకుండా.

"ఆ పిల్లాడి తల్లి ఎవరమ్మా?"

"అక్కడావిడేనండీ, బర్మా ఆవిడ. మంచిపిల్ల. తెలుగు చక్కగా నేర్చుకుంది."

మామ్మ పొడుం డబ్బా తీసి, పీల్చకుండానే మళ్ళీ మూసేసింది. నేను నడవ తలుపు కేసి చూశాను. తలుపు సందులో అత్తయ్య చీరకొంగు కదలకుండా ఉంది. అప్పుడు మామ్మ లేచి నిలబడింది. ఆవిడ ఎవరి సాయం లేకుండా నిలబడడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"కనకం! ఇలా రా. ముందుగదిలోకి రా." తరవాత ఎదురింటావిడ వైపు తిరిగి, "అల్లుడు నిక్షేపంలా ఉన్నాడుట. విన్నారుగా? ముందు మా కనకానికి బొట్టు పెట్టండమ్మా. మీ చేత్తో పెట్టండి" అంది.

అత్తయ్య వచ్చింది. పీట మీద కూర్చోమంటే కూర్చుంది. పిన్నిగారికి అప్పటికి అర్థమైనట్టుంది, పవిటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. శకుంతల తల్లి భరిణె తెరిచి, ఇన్నేళ్ళలో మొదటిసారి, తన వేలితో అత్తయ్య నుదుట బొట్టు పెట్టింది. బొట్టు కొంచెం వంకరగా పడింది. తరవాత ఇంకొకావిడ, తరవాత ఇంకొకావిడ. పాదాలకి పసుపు రాశారు, మెడకి గంధం పూశారు, ఒళ్ళో శనగలు పోశారు. అత్తయ్య పాదాలు రెండూ ముందుకి చాపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాదాలు ఎవరివో అన్నట్టు కూర్చుంది. ఒకసారి మాత్రం నాతో, "బుల్లీ, దాన్ని మెట్టు మీద పెట్టు, పడిపోతుంది" అంది. పిన్నిగారు విమానం ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

మర్నాడు పొద్దున్న మామ్మ తుమ్ములు వినపడలేదు. నేను ఆలస్యంగా లేచి నడవలోకి వస్తే అత్తయ్య బంక గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. దిగే గుమ్మం మూసేసి, పైన వెండి కాగితం అంటించేసింది. అటు పక్క గసగసాల వరసా ఇటు పక్క గసగసాల వరసా కలిసేట్టు మధ్యలో కొత్త గింజలు పెడుతోంది. ఆ పని అయ్యాక అక్కడ గుమ్మం ఉండేదని ఎవరైనా చెప్పగలరా అంటే, చెప్పలేరు. "అత్తయ్యా, ఇప్పుడు మోటారు బస్సు చేద్దామా?" అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. ఆవిడ ఇంకో గసగసాల గింజ సూదిమొన మీదికి తీసుకుంది. సరే కొలతకి కావాలని మనిషి పుల్ల ఏదని అడిగితే, "పారేశానే" అంది.

ఆ తరవాత మా వీధిలో, పక్క వీధిలో, ఆ పక్క వీధిలో ఏ పెళ్ళి జరిగినా బాసికాలు అత్తయ్యవే. భర్త క్షేమంగా ఉన్న ఆడది, పైగా అంత పనిమంతురాలు, ఇక అభ్యంతరం ఏముంది? పెంటపాడు నించి బండి కట్టుకుని వచ్చి అడిగి చేయించుకునేవారు. పేరంటాల్లో మొదటి బొట్టు ఆవిడకే. ఆవిడ వెళ్ళేది, కూర్చునేది, పాదాలు చాపేది, శనగలు తెచ్చి మాకు పెట్టేది. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి వాళ్ళంతా నడిచీ, పడవలెక్కీ ఇళ్ళకి చేరారు. మావయ్య రాలేదు. ఆయన సంగతి ఎవరూ అడగలేదు, అడిగితే జవాబు వస్తుందని భయం. ఆయన ఉన్నాడో పోయాడో మాకు ఈ రోజుకీ తెలియదు. అందుకే అత్తయ్య పసుపు కుంకుమలతో వెళ్ళింది.

ఇప్పుడు విమానం అంటే ఎవరికీ వింత కాదు. యుద్ధంలో ఈ తాడేపల్లిగూడెంలోనే విమానాల కోసం పెద్ద సిమెంటు బాట వేశారు. యుద్ధం అయిపోయింది, బాట మిగిలింది. నిన్న సాయంత్రం అటు నడిచి వెళ్ళాను. దాని పొడుగునా ధాన్యం ఎండబోశారు. ఒకావిడ కాళ్ళతో చాళ్ళు చేస్తూ వెనక్కి నడుస్తోంది. పైన ఏదో విమానం పోతుంటే తల కూడా ఎత్తలేదు. నేనూ ఒకసారి గన్నవరంలో విమానం ఎక్కి హైదరాబాదు వెళ్ళాను. మా తమ్ముడు టిక్కెట్టు కొని పెట్టాడు. లోపల సీట్ల వీపులు మనిషి నడుము కన్నా పైకే ఉన్నాయి, అత్తయ్య అక్కడ కొంచెం పొరబడింది. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కిన గుమ్మంలోంచే దిగాను.

నిన్న ఆ బాట మీంచి తిరిగి వచ్చేసరికి ఇంటినిండా పిల్లలు, మరదలి తరఫు చుట్టాలు. డబ్బా ఇంకా మంచం మీదే ఉంది. నేను విమానం ఒళ్ళో పెట్టుకుని కుడివైపు గోటితో గీరాను. వెండి కాగితం పొడిపొడిగా రాలింది, గసగసాలు కూడా. కింద తలుపు అలాగే ఉంది. దారపు బందులు చివికిపోయి ఉన్నట్టున్నాయి, ముట్టుకోగానే తలుపు ఊడి చేతిలోకి వచ్చింది. సీట్లు ఏవీ ఊడలేదు. రెండు వరసల మధ్య, నడిచే దారిలో, మనిషి పుల్ల పడి ఉంది.

"ఏవిటండీ వదినగారూ అది?" అంది మరదలు గుమ్మంలోంచి.

"ఏం లేదు, చీపురు పుల్ల."

"బుల్లి మామ్మా, ఆ విమానం గుడ్డు పెట్టిన కథ చెప్పవా?" అంటూ తమ్ముడి మనవలు మంచం చుట్టూ మూగారు. మరదలి చుట్టాలు కూడా సర్దుకుని కూర్చున్నారు. ఇన్ని రోజులకి బుల్లక్క నోరు విప్పుతోందని మా తమ్ముడు రేడియో కట్టేశాడు. పుల్లని గుప్పిట్లో పెట్టుకుని మొదలుపెట్టాను. కొల్లేరు మీద గూడకొంగలు లేచాయి, బారులు కట్టాయి, పొగాకు షావుకారు టిక్కెట్టు అడిగాడు. అందరూ నవ్వారు. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి చిన్నది ఒకతి, "అందులో ఎవరెక్కారు?" అని అడిగింది. ఈ ప్రశ్న ఇంతకు ముందు ఎవరూ అడగలేదు.

"ఒకాయన" అన్నాను.

"మరి దిగాడా?"

మామూలుగా అయితే నాకు జవాబు తడుముకోవాల్సిన పని ఉండదు.